సెంటక్క ముక్కు

అది అక్టోబరు నెలలో మొదటి గురువారం. ముందురోజు సాయంత్రం మొదలైన సన్నజల్లు తెల్లవారినా తెరిపి ఇవ్వలేదు. గాలి ఎక్కడా కదలడం లేదు. వీధి వీధంతా తడిగుడ్డ కప్పుకున్నట్టు మూసుకుపోయి ఉంది. ఇటువంటి ఉదయాన్ని వర్ణించేవాళ్ళు సాధారణంగా మట్టివాసనతో మొదలుపెడతారు. కాని ఆ వీధిలో మట్టి ఎప్పుడో సిమెంటు కిందికి వెళ్ళిపోయింది. ఉన్నవల్లా ఒక మందుల షాపు, ఒక టైలరు కొట్టు, తాళాలు బాగుచేసే ఒక పాత బల్ల, వాటి నడుమ అద్దాల తలుపు ఉన్న ఒక బ్యూటీ పార్లరు. తడిగాలికి ఒక గుణం ఉంది. తనలో చేరినదాన్ని తొందరగా వదిలిపెట్టదు. అందుచేత ఆ పూట పార్లరు యజమానురాలు ఇంకా మలుపు తిరగకముందే, టైలరు సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే, "సెంటక్క వస్తోంది. ఆ స్టూలు కాస్త లోపలికి లాగు" అని భార్యకు చెప్పాడు.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అద్దె కాగితం మీద ఉండే ఉంటుంది, చదివినవారు లేరు. 'సెంటు' బయటినుంచి వచ్చిన మాట, 'అక్క' మన ఇంటి మాట. ఉకారం మీద అచ్చు వచ్చి పడితే సంధి జరుగుతుందని బడిలో చదువుకున్నదే ఇక్కడా జరిగింది. ఒకసారి కలిశాక ఆ పేరును విడదీయడం ఎవరివల్లా కాలేదు. ఆవిడకూ విడదీయాలని లేదు. మెడకు ఇరువైపులా, మణికట్ల మీద, చీర కొంగు చివర, అత్తరు అద్దుకోకుండా ఆవిడ గడప దాటేది కాదు. కరెంటు పనులు చేసే భర్త, "మా ఆవిడ తప్పిపోతే పోలీసులకి చెప్పక్కర్లేదు. గాలివాటం చూసుకుని నడిస్తే చాలు" అనేవాడు.

తెలుగువాడు ముక్కుకు చాలా బరువు అప్పగించాడు. కోపం వస్తే దాని మీద కూర్చోబెట్టాడు. ఆశ్చర్యం వేస్తే దాని మీద వేలు పెట్టుకున్నాడు. నిజం మాట్లాడేవాడి దారిని దాని సూటితో కొలిచాడు. సెంటక్కకు మాత్రం ముక్కు ఇవన్నీ కాదు. అది ఆవిడ చదువు. కుర్చీలో కూర్చున్న మనిషి జడ విప్పగానే ఏ నూనె రాసిందో, ఏ సబ్బుతో తలంటుకుందో చెప్పగలిగేది. ఒకసారి బ్యాంకులో పనిచేసే మేడమ్ వచ్చి కూర్చుంటే, మెడ చుట్టూ గుడ్డ కడుతూనే, "పోయిన వారం ఎదురు వీధి పార్లరుకి వెళ్ళొచ్చారు. పర్లేదు లెండి, నేనేం అనుకోను" అంది.

"అయ్యో, ఎవరు చెప్పారు నీకు?"

"మీ జుట్టే చెప్పింది. వాళ్ళ షాంపూ ఇంకా వదల్లేదు. నా దగ్గరకొచ్చి నా మీద చాడీలు చెబుతోంది."

ఆ మేడమ్ చాలా ఏళ్ళదాకా మళ్ళీ ఎదురు వీధికి వెళ్ళలేదు.

భాషలో వాసనకు ఒకప్పుడు ఉన్నన్ని పేర్లు ఇప్పుడు లేవు. 'కంపు' పూర్వం మంచిదానికీ చెడ్డదానికీ చెల్లిన మాట. నేడు చెత్తకుండీ దగ్గర మాత్రమే వినిపిస్తుంది. 'వలపు' అనే మాటకు ప్రేమ అనే అర్థం అందరికీ తెలుసు. పరిమళం అనే అర్థం నిఘంటువులో ఒదిగిపోయి ఉంది. ఆ రెండో అర్థం తెలిసినవారికి సెంటక్కను అర్థం చేసుకోవడం తేలిక. ఆవిడకు ఎవరి మీద ఇష్టం కలిగినా, ముందుగా వారి చేతిలో ఒక సీసా పెట్టేది.

అలా ఎక్కువ సీసాలు అందుకున్నది తోడికోడలు. భర్త తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. అతని భార్యే ఈమె. ఇద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో, కింద పెద్దవాళ్ళు, పైన చిన్నవాళ్ళు. చిన్నకోడలు వచ్చిన కొత్తల్లో గట్టిగా మాట్లాడటానికి కూడా జంకేది. సెంటక్క ఆ పిల్లను చేయిపట్టుకుని పార్లరుకు తీసుకువెళ్ళి, కత్తెర పట్టుకోవడం దగ్గర నుంచి కనుబొమల దారం తిప్పడం వరకూ నేర్పింది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పనితనం గురువును మించింది. "నీ పని అయిపోయింది వదినా. ఇక నువ్వు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పడానికే" అని మరిది ఏడిపిస్తే, "కబుర్లు చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరొస్తారురా పార్లరుకి? జుట్టు ఇంట్లోనూ కత్తిరించుకోవచ్చు" అనేది సెంటక్క.

ఆ ఇంట్లో ఒక్కటే లోటు. చిన్నకోడలికి కడుపు నిలవలేదు. మొదటిసారి రెండో నెలలో పోయింది. రెండోసారి మూడో నెల నిండుతుండగా పోయింది. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు, అదే సెంటక్కను భయపెట్టింది.

ఆ అక్టోబరు గురువారంనాడు చిన్నకోడలు కొత్త డాక్టరమ్మను చూడటానికి వెళ్ళింది. పార్లరులో ఉదయం నుంచీ తీరిక లేదు. వారాంతంలో పెళ్ళి ఉన్న ఒక ఇంటివాళ్ళు అమ్మాయిని, ఆమె పినతల్లి కూతుళ్ళను తీసుకువచ్చి, అందరి జుట్టూ వంకీలు లేకుండా సాఫు చేయాలన్నారు. తడి లోపలికి వస్తోందని కిటికీ మూశారు. జుట్టుకు క్రీము పట్టించి, వేడి పలకలు నొక్కుతూ లాగుతుంటే ఆవిరి పొగలా లేచి కప్పుకు తగిలి అక్కడే నిలబడింది. కళ్ళు మండుతుంటే పెళ్ళికూతురు దగ్గి, "ఇలాగే ఉంటుందా ఆంటీ?" అని అడిగింది.

"అందం ఊరికే వస్తుందా అమ్మా? కాస్త కన్నీళ్ళు పెట్టించాకే వస్తుంది" అంది సెంటక్క. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోయాక చిన్నకోడలు గొడుగు దులుపుకుంటూ వచ్చింది. నేల మీది వెంట్రుకలు ఊడ్చటం మొదలుపెట్టింది.

"చీపురు అక్కడ పెట్టు. ఏమంది డాక్టరమ్మ?"

"పరీక్షలన్నీ బాగున్నాయంటక్కా. ఆయనవీ, నావీ. కారణం ఇదని చెప్పలేనంది."

"కారణం చెప్పలేకపోవడానికి అంత చదువెందుకో!"

"వెక్కిరించకు అక్కా, మంచిదే ఆవిడ. నేను ఏం పని చేస్తానని అడిగింది. చెప్పాను. అప్పుడు చాలాసేపు అడిగింది. గోళ్ళరంగులు ఎన్నిసార్లు వేస్తాను, చేతులకి గ్లౌజులు ఉంటాయా, కిటికీ తీసి ఉంటుందా..."

"వాన పడుతుంటే కిటికీ ఎవరు తీస్తారు?"

"ఒంటికి రాసుకునేవాటిల్లో, తలకి పెట్టేవాటిల్లో కొన్ని కలుపుతారంట. పాడవకుండా కొన్ని, వాసన ఎక్కువసేపు నిలవడానికి కొన్ని. అవి ఒంట్లోకి పోయి మన హార్మోన్ల పనికి అడ్డొస్తాయంట. కొన్నయితే తామే హార్మోన్లమన్నట్టు నటిస్తాయంట."

"దొంగవేషాలన్నమాట."

"అలాంటిదే. నా విషయంలో అదే కారణమని గట్టిగా చెప్పలేను, కానీ మన చేతిలో ఉన్నది మనం తగ్గించుకుందాం అంది. అందుకని..." చిన్నకోడలు చీపురు కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "ఇకమీదట వాసన లేనివి వాడమంది."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. డాక్టరమ్మ అన్న మాట అది కాదు. "సెంటు కలపనివి వాడమ్మా. ముందువైపు రాసింది నమ్మకు, వెనక చూసి కొనుక్కో" అని ఆవిడ స్పష్టంగా చెప్పింది. ఆ మాటనే నోట్లో పెట్టుకుని చిన్నకోడలు బస్సు ఎక్కింది, దిగింది, వీధిలోకి వచ్చింది. కాని అద్దాల తలుపు తీసి, తల్లి కంటే ఎక్కువగా చూసుకున్న మనిషి ఎదుట నిలబడి, "సెంటు మానుకోమన్నారు" అని ఎలా చెప్పడం? వీధంతా ఆవిడను పిలిచే పేరే అది. వినేవాళ్ళకు 'నీకు దూరంగా ఉండమన్నారు' అన్నట్టు వినపడదూ? అందుకని మర్యాద కోసం, ప్రేమ కోసం, ఒక మాట తీసి ఇంకో మాట పెట్టింది. రెండింటి అర్థమూ ఒకటేననుకుంది.

ఒకటి కాదు. 'కలపని' అన్నదీ 'లేని' అన్నదీ, రెండూ వ్యతిరేకార్థాన్నిచ్చే విశేషణాలే. అయితే 'కలుపు' సకర్మక క్రియ. దాని వెనక ఒక చేయి ఉంది. ఆ చేయి ఏం చేసిందో, ఏం చేయలేదో ఆ మాట చెబుతుంది. 'లేని' అన్న మాట వెనక ఏ చేయీ లేదు. చూసేవాడికి కనపడకపోతే లేదు, ముక్కుకు తగలకపోతే లేదు, అంతే.

సెంటక్క తోడికోడలి చేతిలోని చీపురు తీసి గోడకు ఆనించింది.

"ఇంతేనా? దీనికా మొహం అలా పెట్టావు? వాసన లేనివి ఏరడానికి నాకంటే ఎవరున్నారే ఈ ఊళ్ళో?"

"ఇంకోటి కూడా అక్కా."

"చెప్పు."

"మళ్ళీ నెల తప్పితే... ఆ కొన్ని నెలలూ నేను ఇంటి దగ్గరే ఉండిపోనా? పార్లరుకి రాకుండా?"

సెంటక్క నవ్వింది. మంచి నవ్వే అది, ఎగతాళి లేదు.

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? గోడలు లెక్కపెడతావా? లేనిపోని ఆలోచనలన్నీ అప్పుడే వస్తాయి. నన్ను చూడు. నా పిల్లలిద్దర్నీ ఈ కుర్చీల మధ్యే మోశాను. పెద్దాడికి నొప్పులు మొదలైనప్పుడు నా చేతికి ఇంకా జుట్టురంగు ఉంది. నర్సు చూసి ఏం రోగం అనుకుందో, భయపడి చచ్చింది. ఏమైంది వాడికి? దున్నపోతులా లేడూ?"

"అది కాదక్కా..."

"పైగా ముందున్నవన్నీ పెళ్ళిళ్ళు. నీ చెయ్యి లేకపోతే నేనేం చెయ్యను చెప్పు. నేను చూసుకుంటాగా. నా ముక్కుని దాటి నీ దగ్గరికి ఏదొస్తుంది?"

చిన్నకోడలు తలూపింది. చీపురు మళ్ళీ అందుకుంది.

ఆ ఆదివారం పార్లరులో జరిగిన పరీక్షను వీధి చాలాకాలం చెప్పుకుంది. సెంటక్క కుర్చీలో కూర్చుని, కళ్ళకు తువ్వాలు కట్టుకుంది. అలమరలోని సీసాలు, డబ్బాలు, ట్యూబులు ఒక్కొక్కటీ భర్త మూత తీసి ముక్కు దగ్గర పెట్టాలి. వాసన తగిలితే ఎడమకు, తగలకపోతే కుడికి. మధ్యలో అతను పక్క టైలరు దగ్గరి మిషను నూనె తెచ్చి పెట్టాడు. "మీకు పనేం లేదా? అది మిషను నూనె. టైలరు పొద్దున్నే పొగతాగి ముట్టుకున్నాడు కూడా" అంది ఆవిడ తువ్వాలు తీయకుండానే. టైలరు గుమ్మంలోంచే రెండు చేతులూ జోడించాడు. ఆ సాయంత్రానికి అలమరలో సగానికి పైగా ఖాళీ అయింది. ఇష్టంగా దాచుకున్న పౌడర్లు, రోజారంగు డబ్బాలో వచ్చే క్రీము, వచ్చినవాళ్ళందరూ అడిగి రాయించుకునే లోషను, అన్నీ సంచుల్లోకి వెళ్ళిపోయాయి.

తరువాత ఆవిడ చేసిన పని ఎవరూ చేయమన్నది కాదు. ఇంటికి వెళ్ళి, పెట్టెలోని అత్తరు సీసాలు తీసి, అక్కచెల్లెళ్ళకు పంచేసింది. మరునాడు ఉదయం టైలరు తల ఎత్తేసరికి ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. అతను ఉలిక్కిపడి సూది గుచ్చుకున్నాడు.

"ఎప్పుడొచ్చావు తల్లీ? దగ్గనైనా దగ్గకూడదా?"

ఖాళీ అయిన అలమరను సరుకులు తెచ్చే ఏజెంటు నింపాడు. "మీకు కావలసినవే వచ్చాయమ్మా" అంటూ తెల్లటి సీసాలు వరసగా పేర్చాడు. ముందువైపు లావుపాటి అక్షరాల్లో 'వాసన లేనిది' అని ఉంది. సెంటక్క అక్షరాలను నమ్మే మనిషి కాదు. ప్రతి సీసా మూతా తీసి గట్టిగా పీల్చింది. ఏమీ తగలలేదు. నీళ్ళను పీల్చినట్టుంది. జుట్టు సాఫు చేసే క్రీముల్లో కూడా అటువంటిదే ఒకటి దొరికింది. దానితో వేడి పలకలు నొక్కినప్పుడు కళ్ళు మునుపటిలాగే మండేవి. కాని వాసన విషయంలో కళ్ళ సాక్ష్యం ఆవిడ ఎన్నడూ తీసుకోలేదు.

ఆ చలికాలం వెళ్ళేలోగా చిన్నకోడలు నెల తప్పింది.

ఈసారి రెండో నెల దాటింది. మూడూ దాటింది. అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాటలు మెల్లగా ఇంట్లోకి వచ్చాయి. మరిది డిపో నుంచి రాగానే మెట్ల కిందే ఆగి, గ్రీజు పోయేదాకా చేతులు తోముకునేవాడు. "మా ఆవిణ్ణి చూడాలంటే ముందు వదిన ముక్కు దగ్గర పాసవ్వాలి. డిపోలో పెట్టిన పరీక్షే నయం" అనేవాడు. "నువ్వు ఆ పరీక్ష కూడా రెండోసారే పాసయ్యావు కదరా" అనేవాడు అన్న.

పార్లరులో మధ్యాహ్నం కాస్త సందు దొరికినప్పుడు, సెంటక్క తోడికోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకునేది. నిలబడి నిలబడి వాచిన పాదాలవి. తెల్లటి సీసాలోని లోషను అరచేతిలో పోసుకుని, మడమల నుంచి పిక్కల దాకా నెమ్మదిగా మర్దన చేసేది.

"వద్దక్కా, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి?"

"నీ కాళ్ళు కాదే నేను పట్టుకుంటోంది. లోపల ఉన్నవాళ్ళవి. వాళ్ళు రేపు పెద్దయ్యాక నన్ను చూసుకోవద్దూ?"

చిన్నకోడలు కళ్ళు మూసుకునేది. ఆ పది నిమిషాలే ఆ పిల్లకు రోజంతటిలో విశ్రాంతి. సెంటక్క ఒక్క మధ్యాహ్నం కూడా మానలేదు. తరువాతి సంవత్సరాలలో ఆవిడకు నిద్ర పట్టనివ్వనిది చేసిన తప్పులన్నిటిలోకీ ఈ శ్రద్ధే.

అయిదో నెలలో, ఎండ బాగా కాస్తున్న ఒక మధ్యాహ్నం, అదే కుర్చీలో చిన్నకోడలు ఒక్కసారిగా కడుపు పట్టుకుని ముందుకు వంగింది.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు పొడవుగా, సున్నం వేసిన గోడలతో, మంచానికో నీలం తెరతో ఉంది. ఆ సాయంకాలానికి అంతా అయిపోయింది. ఈ కడుపూ నిలవలేదు. మరిది వరండాలో బెంచీ మీద, ఎవరో చెప్పిన మాట సరిగా వినపడనివాడిలా, తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు. తెర లోపల సెంటక్క మంచం చివర చేరి, సంచిలోంచి తెల్లసీసా తీసి, చల్లబడిన పాదాలకు లోషను రాస్తోంది. ఇంకేం చేయాలో ఆవిడకు తెలియలేదు. డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, వెళ్ళబోతూ ఆగింది.

"అదేమిటమ్మా మీరు రాస్తున్నది?"

"మామూలు లోషనేనండి. మీరు చెప్పినట్టే, వాసన లేనిది. చూడండి, ఏమీ రాదు." సెంటక్క సీసా అందించింది.

డాక్టరమ్మ వాసన చూడలేదు. సీసాను వెనక్కు తిప్పింది. చిన్నక్షరాల వరసను వేలితో తాకుతూ పోయి ఒకచోట ఆపింది. అక్కడ 'పరిమళ ద్రవ్యం' అని ఉంది.

"సెంటు కలపనిది అని చెప్పాను కదమ్మా."

"వాసనే లేదండీ! నా ముక్కుకి తెలీకుండా..."

"మీ ముక్కుకి తెలియకూడదనే కలుపుతారు. ఇందులో వాడే సరుకులకి వాటి సొంత వాసన ఒకటి ఉంటుంది. అది నచ్చదు. దాన్ని కప్పెయ్యడానికి ఇంకోటి పోస్తారు. రెండూ కొట్టుకుని ఏమీ లేనట్టుంటుంది. 'వాసన లేనిది' అంటే అదే. కలపనిది వేరు."

సెంటక్క లోషను అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని, ఎవరో పక్కవాళ్ళ గురించి అడుగుతున్నట్టు, "అయితే దీనివల్లేనా?" అంది.

డాక్టరమ్మ సీసా మంచం మీద పెట్టింది. "అలా నేను అనలేను. అనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఇలాంటివి కడుపుతో ఉన్నప్పుడు మంచివి కావని చాలామంది పరిశోధించి చెబుతున్నారు. కానీ ఈ అమ్మాయికి, ఈసారి, ఈ సీసావల్లే అని ఎవరూ చెప్పలేరు."

"పోనీ దీనివల్ల కాదని చెప్పండి."

"అదీ చెప్పలేనమ్మా."

కారణం చెప్పలేని చదువును ఒకప్పుడు వెక్కిరించిన మనిషి, ఈసారి సీసా అందుకుని మూత బిగించింది.

డాక్టరమ్మ వెళ్ళాక, మంచం మీదినుంచి సన్నగా గొంతు వినిపించింది. "నీ తప్పు కాదక్కా. నేనే మాట మార్చి చెప్పాను. సెంటు కలపనివి అనే చెప్పిందావిడ. నీ ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు."

"ఏ మాట?"

"సెంటు అన్న మాట. నీ పేరు కదా అది."

సెంటక్క తోడికోడలి చెయ్యి అందుకుంది. ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండునని, చెయ్యి విదిలించుకుని ఉంటే బాగుండునని ఆవిడకు అనిపించింది. ఆ పిల్ల ఆ రెండూ చేయలేదు. చెయ్యిని అలాగే ఉంచి, గోడవైపు తిరిగింది.

వేసవి ముగిసేసరికి మరిది వేరే ఊరి డిపోకు బదిలీ అడిగి చేయించుకున్నాడు. తగవు లేదు, మాటామాటా అనుకున్నదీ లేదు. సామాను బండిలోకి ఎక్కిస్తుంటే అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తాళ్ళు బిగించారు. "అక్కడ గాలి బాగుంటుందంట వదినా" అన్నాడు మరిది. అని, ఆ మాట ఎటు పోయి తగిలిందో తోచి, "నీళ్ళు కూడా" అని చేర్చాడు. చిన్నకోడలు కొత్త ఊళ్ళో పార్లరులో చేరలేదు, కుట్టుపని నేర్చుకుంది. ఆమెకు మళ్ళీ నెల తప్పలేదు.

"చూశావా, ఇక్కడినుంచి పోయాక కూడా పుట్టలేదంటే తప్పు నీ పార్లరుది కాదన్నమాట" అని ఓదార్చినవాళ్ళున్నారు. సెంటక్క ఆ ఓదార్పును ఎలా తీసుకోవాలో తెలియక చాలా రోజులు దానిని లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అది నిజమైతే తన మనసు తేలికపడాలి. కాని ఆ పిల్లకు పిల్లలు లేకపోవడమే దానికి సాక్ష్యం. అటువంటి సాక్ష్యంతో గెలవాలని ఆవిడకు లేదు.

పార్లరు మాత్రం మారింది. జుట్టు సాఫు చేయడం సెంటక్క మానేసింది. భర్త చేత గోడకు రంధ్రం కొట్టించి, పొగను బయటికి లాగే పెద్ద ఫ్యాను పెట్టించింది. వాన పడినా కిటికీ తీసే ఉంచేది. కింద తువ్వాలు పరిచేది. కుర్చీలో కూర్చున్న కొత్త పెళ్ళికూతుళ్ళను, అడగవచ్చునో లేదో చూసుకోకుండా, "నెల తప్పావా అమ్మా?" అని అడిగేది. కొందరు నవ్వారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. ఏజెంటు తెచ్చిన ప్రతి సీసానూ వెనక్కు తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివేది.

"అంత చదివితే డాక్టరు పట్టా ఇచ్చేస్తారమ్మా" అన్నాడతను ఒకసారి విసుక్కుని.

"నువ్వూ చదువయ్యా. అమ్మేవాడివి" అంది ఆవిడ.

బ్యాంకు మేడమ్ చాలాకాలానికి ఎదురు వీధిలో జుట్టు సాఫు చేయించుకుని, మొహమాటంగా కనుబొమలకు మాత్రం ఇక్కడికి వచ్చింది. సెంటక్క ఆమె తల మీద చెయ్యి వేసింది గాని, ఎక్కడికి వెళ్ళొచ్చారో చెప్పలేదు. వాసన పట్టి అలా చెప్పడం ఆవిడ మానుకుని అప్పటికి ఏళ్ళు దాటాయి.

ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసి, పార్లరును ఇంకొకరికి అప్పగించిన సంవత్సరంలో, తోడికోడలికి రాసిన ఉత్తరం ఇది.

చెల్లీ,

నేను బాగానే ఉన్నాను. మీ బావగారికి మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేం లేవు. నిచ్చెన ఎక్కవద్దంటే వినరు.

మొన్న మరిది ఫోన్ చేసినప్పుడు ఒక మాట అన్నాడు. నువ్వు ఇప్పటికీ, ఆ రోజు నేను డాక్టరమ్మ మాట మార్చి చెప్పాను, అందుకే ఇలా అయింది అని అప్పుడప్పుడు అంటావంట. ఇన్నేళ్ళ నుంచీ అదే అనుకుంటున్నావంట. అది విన్నప్పటినుంచీ నీకు చెప్పాలనే ఉంది. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు వెంటనే పర్లేదక్కా అంటావు, నేను ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను. ఇందులో అయితే నువ్వు అడ్డు రావు.

నువ్వు ఆ రోజు నాతో రెండు మాటలు చెప్పావు. వాసన లేనివి వాడమన్నారు అని ఒకటి. అది మారిపోయింది, నిజమే. నా మీద ప్రేమతో మార్చావు. దాన్ని నేను ఎప్పుడూ తప్పు అనుకోలేదు. రెండోది, నేను ఇంటి దగ్గర ఉండిపోనా అని అడిగావు. ఆ మాట మారలేదు. అందులో నాకు అర్థం కానిది ఏమీ లేదు. అర్థమయ్యే నేను నవ్వాను. గోడలు లెక్కపెడతావా అన్నాను. నీ మంచికే అన్నట్టు చెప్పాను గానీ, పెళ్ళిళ్ళ కాలం, నీ చెయ్యి లేకపోతే పార్లరు నడవదు, అదీ అసలు సంగతి. అది కూడా నీతోనే చెప్పాను. నువ్వు తలూపావు. నువ్వు నా మాటకి ఎదురు చెప్పవని నాకు తెలుసు.

అందరూ ఆ సీసా గురించి మాట్లాడుతుంటే నేనూ ఆ సీసా గురించే మాట్లాడాను. సీసా మీద ఏం రాశారో తెలీదు అంటే జనం జాలిపడతారు. ఇది చెబితే పడరు. అందుకని ఎవరికీ చెప్పలేదు. మీ బావగారికి కూడా.

నువ్వు ఇంటి దగ్గర ఉండి ఉంటే నిలిచేదా? నాకు తెలీదు. డాక్టరమ్మకీ తెలీదు. ఎవరికీ తెలీదని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. కానీ అడిగినదానికి సరే అనడానికి అవన్నీ తెలియక్కర్లేదు కదా. సరే అంటే సరిపోయేది.

నువ్వు ఇక ఆ మాట నీ మీద వేసుకోవద్దు. పర్లేదక్కా అని జవాబు రాయొద్దు. రాస్తే నాకు కోపం వస్తుంది.

వచ్చే నెల పెద్దాడి దగ్గరికి వెళుతున్నాను. బస్సు మీ ఊరి మీదుగానే పోతుంది. నేను టికెట్టు చివరిదాకా తీసుకుంటాను. నువ్వు రమ్మంటే మధ్యలో దిగుతాను, వద్దంటే దిగను. ఏదో ఒకటి మరిదితో చెప్పించు. నువ్వు ఏది చెప్పినా నేను సరే అంటాను.

నీ అక్క